సగటు నొప్పి

నమోదు 1

బొడ్డు వరహాలమ్మ, సభ్యురాలు, మడ్డి నియోజకవర్గం. సభ ముగిసిన రోజే ప్రతి సభ్యుడూ తన మాటల్లో ఇంత నమోదు చెయ్యాలని నిబంధన. నా మాటలు అంత మర్యాదగా ఉండవని ముందే చెబుతున్నాను.

పొద్దున్నే నాచు జావ కాచుకుని తాగి, కడియం కింద మణికట్టుకి చేపనూనె రాసుకుని సభకి వెళ్లాను. కడియం కొత్తది, ఒరుసుకుంటోంది. ఇది నా మొదటి బడ్జెట్ సమావేశం.

ఆర్థికమంత్రి ఇందుశేఖర్ గాలి సబ్సిడీ రద్దు బిల్లు పెట్టాడు. ఇకనుంచి సముద్రంలో మునిగి ఉన్న మా లోతుకోటలో ఏ అంతస్తువాళ్లు పీల్చే గాలికి ఆ అంతస్తువాళ్లే ఛార్జీ కట్టాలి. కట్టలేని ఇంటికి గాలిగొట్టం సగానికి బిగిస్తారు. పై ఆరు అంతస్తులకి గాలి దింపడం పెద్ద ఖర్చేం కాదు. సముద్రపు నేలని ఆనుకుని ఉన్న మా మడ్డికి దింపాలంటేనే పెద్దపంపు రాత్రీపగలూ తిరగాలి. ఆ పంపు మీద పెట్టే ఖర్చు వల్లే ద్రవ్యలోటు పెరిగిపోతోందట. మా ఊపిరి వల్ల కోట అప్పులపాలవుతోందన్నమాట.

మా సభకో ఆచారం ఉంది. 'ముందు నీ ఒంటికి, తర్వాత ఊరికి' అని కోట కట్టినవాళ్లు రాసిపెట్టి పోయారు. బిల్లు పెట్టినవాడు సభ మధ్యలో బండ మీద నిలబడాలి. తూకం అనే యంత్రం ఆ బిల్లు జనానికి మూడు నెలల్లో ఎంత నొప్పి పెడుతుందో లెక్కగట్టి, దాన్నంతా ఒక్క పూటలో మా కడియాల్లోంచి మా ఒళ్లలోకి వదులుతుంది. కూర్చున్నవాళ్లం కూర్చునే భరించాలి. బండ మీదివాడు నిలబడి భరించాలి. వాడు కూలబడితే బిల్లూ కూలినట్టే. మడ్డిలో పుట్టిన ప్రతి బిడ్డకీ ఈ సంగతి ఉగ్గుతో పాటు చెబుతారు. పైవాళ్లు మనల్ని మర్చిపోయినా కడియం మర్చిపోదని మా నమ్మకం.

ఇందుశేఖర్ బండెక్కాడు. నేను బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను. మోచేతి దగ్గర చురుక్కుమంది. కాసేపటికి అదీ పోయింది.

"తొలి రెండు నెలలూ కొంచెం ఇబ్బంది గౌరవ సభ్యులారా," అన్నాడు ఇందుశేఖర్. "మూడో నెలకి సర్దుకుంటుంది. నా మాట నమ్మకండి, మీ కడియాన్ని నమ్మండి."

నేను లేచాను. "అధ్యక్షా, నాకు చీమ కుట్టినట్టయింది, అంతే. మడ్డిలో ఆరువేలమంది గొంతు బిగిస్తే ఇంతేనా ఉండేది?"

"సగటమ్మా," అన్నాడు, బడిపిల్లకి చెప్పినట్టు. "కోటలో నలభైవేలమంది. అందరి నొప్పీ కూడి అందరికీ సమానంగా పంచుతాం. అంతకంటే న్యాయం ఏముంటుంది?"

నాకు కోపం నెత్తికెక్కింది. బల్లల మీంచే నడిచి వెళ్లి మైకు కడ్డీతో ఆయన ముక్కు మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు మైకులో సభంతా వినపడింది. మార్షల్స్ నన్ను కిందపడేసి బూట్లతో తన్నారు, పక్కటెముకలు రెండు పోయాయి. నా ప్రసంగాన్ని రికార్డుల నుంచి తొలగించారు. ఆయన ముక్కుని తొలగించడం వాళ్ల తరం కాలేదు.

బిల్లు మీద సవరణలకి వారం గడువిచ్చారు.

నమోదు 2

పక్కటెముకలకి కట్టు కట్టించుకుని మడ్డికి దిగాను. లిఫ్టు తలుపు తెరుచుకునేసరికే గొడవ మొదలైపోయి ఉంది. బిల్లు పాసవకముందే పరీక్ష కోసమని పంపువీధిలో మీటర్లు బిగించడానికి అధికారులు దిగారు. జనం రెంచీలతో మీటర్లని బద్దలుకొడుతున్నారు. రబ్బరు బూట్లేసుకున్న మార్షల్స్ కరెంటు లాఠీలు దూశారు. వీధంతా అంగుళం మందాన ఉప్పునీరు, అందులో కరెంటు లాఠీ పెడితే ఏమవుతుందో మార్షల్స్‌కి తెలియదనుకోను. పదిమంది ఒక్కసారిగా పడి గిలగిలా కొట్టుకున్నారు. తొమ్మిదిమంది లేచారు. లేవనివాడు గవరయ్య, పంపు మెకానిక్ దాలినాయుడి తమ్ముడు. నోట్లోంచి నురగ, చేతిలో ఇంకా రెంచీ.

మార్షల్స్ లిఫ్టెక్కి పోయారు. నేను నీళ్లలో మోకాళ్ల మీద కూర్చుని గవరయ్య కళ్లు మూశాను.

మా అప్ప, అంటే అక్క, పైడమ్మ నన్ను భుజం పట్టి లేపి పంపు గదిలోకి తీసుకుపోయింది. ఎవరు చచ్చినా పంపుకి గ్రీజు పెట్టే వేళకి పెట్టాలి. అప్ప ముప్పయ్యేళ్లుగా ఆ పనే చేస్తోంది. కుడి అరచెయ్యంతా కాలిన మచ్చ. నేను పాకే వయసులో ఆవిరిగొట్టం పట్టుకోబోతుంటే అప్ప చెయ్యి అడ్డం పెట్టింది. ఆ అరచెయ్యి ఇప్పటికీ దురద పెడుతుంది, నెమ్మదిగా తొడకేసి రాసుకుంటూ ఉంటుంది. ఎడమ మోకాలు వంగదు. కుంటుకుంటూనే గ్రీజు పూసింది.

"ఏటే వరహాలూ, పైన గట్టిగా నొప్పెట్టిందా?" అని అడిగింది. "బిల్లెట్టిన రోజు మావంతా నీ గురించే అనుకున్నాం. ఒలమ్మా, మా అందరి నొప్పీ అదొక్కర్తే మొయ్యాల గదా అని కళ్లనీళ్లెట్టుకున్నాను."

ఇంతలో దాలినాయుడు గుమ్మంలోకి వచ్చాడు, వెనకాల వీధి వీధంతా ఉంది. తమ్ముడి రెంచీ వాడి చేతిలో ఉంది.

"సెప్పమ్మా వరహాలమ్మా," అన్నాడు. "ఆ బిల్లెట్టినోడు అల్లాడిపోనాడా? బండ మీద నిలబడగలిగినాడా?"

"నిలబడ్డాడు."

"మరి నీకు నొప్పెట్టనేదా?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పాలనిపించలేదు. చచ్చినవాడు గుమ్మం బయటే ఉన్నాడు.

"పెట్టలేదు దాలినాయుడూ. చీమ కుట్టినట్టయింది, అంతే. మన నొప్పిని నలభైవేలమందికీ పంచేస్తారట."

వాడు నన్ను కొట్టాలని కొట్టలేదు. కడియాన్ని కొట్టబోయాడు. నేను చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాను, రెంచీ కడియం మీంచి జారి దవడ మీద పడింది. ఆ తర్వాత వీధి నా మీద పడింది. చిన్నప్పటినించీ నేను అత్తా, బావా, వదినా అని పిలిచినవాళ్లే. అప్ప నా మీద బోర్లా పడుకోబట్టి బతికాను.

నమోదు 3

దవడకి తీగ కట్టారు. మాట లేదు. జావ గొట్టంతో.

నమోదు 4

వేళ్లతో కొట్టి నమోదు చేస్తున్నాను. సభాపతి మార్తమ్మ ఆసుపత్రికి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, ఏ పార్టీనీ నవ్వుతూ పలకరించదు, అందుకే సభాపతిని చేశారు. రొట్టె తెచ్చి, నా దవడ చూసి, తనే తినేసింది.

నా సవరణ చేతికిచ్చాను. ఒక్క వాక్యం. బిల్లుని తూచేటప్పుడు సగటు నొప్పి కాక, దానివల్ల అందరికంటే ఎక్కువ దెబ్బతినే ఒక్క మనిషి నొప్పిని సభకి చూపించాలి.

రెండుసార్లు చదివింది. "సవరణ పెట్టినవాళ్లు ఆ సవరణ ప్రకారమే బండ మీద నిలబడాలి, తెలుసుగా? చర్చ ముగిసేదాకా ఆ నొప్పి నీ ఒక్కదానికే. మాట్లాడేవాళ్లు ఉన్నంతసేపూ చర్చ సాగుతుంది. మనవాళ్లకి నోళ్లకేం కొదవమ్మా? నువ్వు పడిపోయేదాకా మాట్లాడతారు."

పలక మీద రాశాను: పడను.

"అలాగే అంటారు," అంది మార్తమ్మ. లేచేటప్పుడు నా దుప్పటి సర్దింది. "నా చిన్నప్పుడు కడియం పెడితే మగాళ్లు కూడా అరిచేవారు. సగటు ఎప్పుడు వచ్చిందో, ఎవరు తెచ్చారో నాకు గుర్తే లేదు. ఎవరికీ నొప్పి పుట్టకుండా జరిగింది కదా మరి."

నమోదు 5

లిఫ్టు దగ్గర దాలినాయుడు నిలబడి ఉన్నాడు. క్షమించమని అడగలేదు, నేనూ అడిగించుకోలేదు. సభ తలుపుదాకా భుజం ఇచ్చాడు.

మార్తమ్మ సవరణ చదివింది. నేను బండెక్కాను. కడియం మోగింది.

మొదట వచ్చింది దురద. కుడి అరచేతిలో. ఏ మచ్చా లేని నా అరచెయ్యి తొడకేసి రాసుకోవాలనిపించేంత దురద. తర్వాత ఎడమ మోకాలు బిగుసుకుపోయింది. నలభైవేలమందిలో అందరికంటే ఎక్కువ దెబ్బతినే మనిషిని తూకం వెతికి పట్టుకుంది. ఆ ఒళ్లు ఎవరిదో నాకు తెలుసు.

అప్పా, అన్నాను, తీగల వెనకాల.

చర్చ మొదలైంది. మొదటి వక్త కఠిన నిర్ణయాలు తీసుకోకపోతే కోట భవిష్యత్తు ఏమిటన్నాడు. నా తల బరువెక్కింది. రెండోవాడు పొదుపు గురించి చెప్పాడు. కణతలు పగిలిపోతున్నాయి. మూడోవాడు చేదుమందే ఒంటికి మంచిదన్నాడు. అప్పటికి నా ఊపిరి సగమే వస్తోంది. సగం ఊపిరితో అప్ప మెట్లు ఎక్కుతోంది, గ్రీజు డబ్బా మోస్తోంది, కుంటుతోంది. అవన్నీ నా కాళ్లలో జరుగుతున్నాయి. నా సొంత పక్కటెముకలు రెండూ లోపల ఒకదానికొకటి గీసుకుంటున్నాయి. నోట్లో ఏదో పటుక్కుమంది. పన్ను. ఉమ్మడానికి లేదు, మింగాను.

అన్నిటికంటే పైనున్న వెలుగంతస్తు సభ్యుడొకడు తన పాత ప్రసంగాన్నే రెండోసారి చదివాడు. నేను పడలేదు. మూడోసారి మొదలుపెట్టాడు. వెనక వరసలోంచి ఎవరో సిరాబుడ్డి విసిరారు, నుదురు చిట్లింది. ఆ విసిరినవాణ్ణి ఐదో అంతస్తు సభ్యురాలు జుట్టు పట్టి బల్లకేసి కొట్టింది. ఇరుపక్షాలూ కలబడ్డాయి. కుర్చీ కోళ్లు విరిగాయి, ఒకాయన చెవి తెగింది. మార్తమ్మ గంట కొడుతూనే ఉంది. నేను ఇవన్నీ నీళ్లలోంచి చూస్తున్నట్టు చూశాను. నెత్తురు కంట్లోకి దిగుతోంది, తుడుచుకోవడానికి చెయ్యెత్తితే పడిపోతానని ఎత్తలేదు.

ఆ తర్వాత ఊపిరి రావడం మానేసింది. దాని గురించి రాయలేను. చేపని నీళ్లలోంచి తీసి నేల మీద పడేస్తే చూశాం కదా, అదే. గొంతు తనంతట తనే తెరుచుకుంటుంది, లోపలికి ఏమీ రాదు. నా గోళ్లు నా మెడలోనే దిగాయి. అప్ప ఆ క్షణంలో ఎవరినీ తిట్టలేదు. పంపుకి గ్రీజు పెట్టే వేళయిందని ఆ చెయ్యి డబ్బా కోసం తడుముకుంది. నా చెయ్యీ గాల్లో తడుముకుంది. సభలో కొందరు నవ్వారు.

ఉన్నట్టుండి నొప్పి ఆగిపోయింది.

మొత్తం. తలలో బరువు లేదు. మోకాలు తేలిక. అరచేతిలో దురద లేదు. నా సొంత దవడా పక్కటెముకలూ తప్ప ఇంకే బాధా లేదు. నిటారుగా నిలబడ్డాను. అబ్బ, ఎంత హాయి అనుకున్నాను కూడా, దేవుడా.

ఇందుశేఖర్ లేచి నిలబడ్డాడు, ముక్కుకి కట్టుతోనే. "చూడండి. అందరికంటే ఎక్కువ దెబ్బతినే వ్యక్తికి సైతం మూడో నెలకి నొప్పి పూర్తిగా పోయింది. సభ్యురాలు మా ఆర్థిక విధానాన్ని మాకంటే బాగా నిరూపించారు. ఈ సవరణకి మా అభ్యంతరం లేదు. రేపు ఈ నిబంధన కిందే నేను బిల్లు పెడతాను, నేనే బండెక్కుతాను."

బల్లలు చరిచారు. అందరూ చేతులెత్తారు. సవరణ నెగ్గింది.

అప్పటికి నాకు అర్థమైంది. ముప్పయ్యేళ్లుగా ఉన్న దురద ఛార్జీలతో పోదు. వంగని మోకాలు సర్దుకోదు. బతికున్న మనిషికి అంత సుఖం ఉండదు.

చెప్పలేదు. దవడ కట్టి ఉంది కాబట్టి అనుకునేరు. పలక చంకలోనే ఉంది. చెప్పదలుచుకోలేదు. అరటిపండు వలిచి చేతిలో పెట్టినట్టు చెప్పేస్తే వాళ్లు మళ్లీ దాన్ని కూడి, భాగించి, పంచేసుకుంటారు. ఈసారి ఎవరి వాటా వాళ్లు పూర్తిగా తినాలి.

నమోదు 6

నిబంధన మారింది కనక బిల్లుని మళ్లీ మొదటినుంచి తూచారు. ఎనభైమంది సభ్యుల కడియాలూ ఒకేసారి మోగాయి. ఇందుశేఖర్ బండ మీద. నేను నా బల్ల దగ్గర.

ఎనభైమందీ ఒకేసారి కుడి అరచెయ్యి తొడకేసి రాసుకున్నారు. నిన్న నవ్వినవాళ్లు నవ్వలేదు.

నాకిది రెండోసారి, ఏది ఎప్పుడొస్తుందో తెలుసు. తెలిస్తే తగ్గుతుందేమో అనుకున్నాను. తగ్గదు. ఊపిరి సగమయ్యేసరికి మెడపట్టీలు లాగేసుకోవడం మొదలుపెట్టారు. పాత ప్రసంగాన్ని మూడుసార్లు చదివినాయన తలుపుకేసి తల కొట్టుకున్నాడు, తలుపు మీద నెత్తురు చారలు. ఒకామె పక్కాయన ముక్కులోంచి గాలి లాక్కుంటానన్నట్టు ఆయన మొహం రక్కేసింది. ఐదో అంతస్తు సభ్యురాలు కత్తెరతో కడియాన్ని కోసుకోబోయి మణికట్టు కోసుకుంది. మార్షల్స్‌కి కడియాలు ఉండవు. లాఠీలు పట్టుకుని, ఎవరిని కొట్టాలో తెలియక గోడకి అతుక్కుపోయారు. వాళ్లకి కనిపించింది నిండుగా గాలి ఉన్న గదిలో ఎనభైమంది ఊపిరాడక చావడం.

ఇందుశేఖర్ పడలేదు. ఉన్నమాట చెప్పాలి, పిరికివాడు కాదు. బండ చుట్టూ ఉన్న కడ్డీ పట్టుకుని, నాలుక కొరుక్కుని, గడ్డం మీంచి నెత్తురు కారుతూ నిలబడ్డాడు. చివర్లో ఆయన చెయ్యి గాల్లో గ్రీజు డబ్బా కోసం తడుముకుంది. అది చూసినప్పుడు నా కోపం ఎక్కడికో పోయింది. మంత్రి చేతిలో మా అప్పని చూశాను.

ఆగిపోయింది.

నేల మీదినుంచి ఒక్కొక్కరే లేచారు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకొకరు కలిశారు. హాయిగా ఉంది కదా మరి.

"చూశారా," అన్నాడు ఇందుశేఖర్, నెత్తురు మింగుతూ. "మూడో నెలకి..."

ఆగాడు. అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు. తొడకేసి రాసి మళ్లీ చూసుకున్నాడు.

"ఈ దురద ఏమైంది?" అన్నాడు. సభని కాదు, నన్ను అడిగాడు.

నేను దవడ తీగ పట్టుకుని లాగాను. విరిగిన ఎముక లోపల కదిలింది. నెత్తురుతో పాటు మాట బయటికొచ్చింది. సభలో ఎప్పుడూ పుస్తకాల భాషే మాట్లాడాలని నేర్చుకుని వచ్చినదాన్ని. ఆ పూట మడ్డి మాటే వచ్చింది.

"సచ్చిపోనాది బాబూ. అందుకే నొప్పి నేదు."

చప్పట్లు కొట్టినవాళ్ల చేతులు అలాగే ఉండిపోయాయి. ఒకాయన వాంతి చేసుకున్నాడు. ఇందుశేఖర్ చాలాసేపు అరచెయ్యి చూసుకుని బండ దిగాడు. ఓటింగుకి ముందు దిగితే బిల్లు పడిపోయినట్టే.

పడిపోయిందని ప్రకటించాలి. అందరం సభాపతి వైపు తిరిగాం. మార్తమ్మ కుర్చీలో పక్కకి ఒరిగి ఉంది. గంట కొట్టే సుత్తి ఒళ్లో పడింది. కుడి అరచెయ్యి తొడ మీదే ఉంది.

సభాపతికీ కడియం ఉంటుంది. ఆ సంగతి నాకు తెలుసు. నిన్న బండ మీద నిలబడి చెప్పకూడదని తీర్మానించుకున్నప్పుడు ఎనభైమంది మొహాలూ చూశాను. వెనక్కి తిరిగి ఎనభై ఒకటో మొహం చూడలేదు. నా దుప్పటి సర్దిన మనిషి.

వైద్యుడు వచ్చి గుండె ఆగిందని రాశాడు. పైఅంతస్తుల వార్తల్లో 'సభ్యులకు స్వల్ప అస్వస్థత' అని వచ్చింది. తప్పేం లేదు. ఎనభై ఒక్కరిలో ఒక్కరు. సగటున ఎవరూ చావలేదు.

నమోదు 7

సభ జరగలేదు. నమోదు చెయ్యాల్సిన పని లేదు. అయినా చేస్తున్నాను.

మార్తమ్మని వెలుగంతస్తు నుంచి సముద్రంలోకి వదిలారు. ఇందుశేఖర్ వచ్చాడు, పాడె ఒక చివర తనే పట్టాడు. ఆయన అరచెయ్యి మాటిమాటికీ చూసుకుంటూనే ఉన్నాడు.

మడ్డికి దిగాను. పంపు తిరుగుతోంది. వీధిలో గవరయ్య పడినచోట ఎవరో ఉప్పుముద్ద మీద దీపం పెట్టారు. జనం తప్పుకుని దారిచ్చారు, కొందరు దండం పెట్టారు. దండాలు పెట్టించుకునే ఓపిక లేక తల వంచుకుని నడిచాను.

అప్ప గ్రీజు డబ్బా పక్కనపెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది, మోకాలు లేవనివ్వలేదు. ఆ మోకాలిని చూస్తే నాకు ఏడుపొచ్చింది. పక్కనే కూలబడ్డాను.

నా దవడకీ, మెడమీది గోళ్లగాట్లకీ వేళ్లు తగలకుండా గాల్లోనే నిమిరింది.

"ఈపాలి నొప్పెట్టిందేటే?" అంది.

"పెట్టింది అప్పా."

"గట్టిగానా?"

తలూపాను. ఎవరి నొప్పో అడగలేదు, నేను చెప్పలేదు. ఈ ఒక్కటీ ఈ నమోదులోనే ఉండాలి.

అప్ప అరచెయ్యి తొడకేసి రాసుకుంటూ విసుక్కుంది. "ఒలమ్మా, ఈ సేతి దురదొకటి, సావదు."

ఆ చెయ్యి నా ఒళ్లోకి లాక్కుని గోకడం మొదలుపెట్టాను. మచ్చ వెచ్చగా ఉంది.

"సాల్లే, వొగ్గే," అంది కాసేపటికి.

వొగ్గలేదు.